కవర్లు పారేయకండి

అధ్యక్షుల వారికీ, కార్యదర్శి గారికీ, ఈ ఎండలో టి.నగర్ ట్రాఫిక్ దాటుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. శాలువా చివర్లో కప్పండి అన్నాను, వినలేదు. ఉక్కపోతగా ఉంది, తీసి పక్కన పెడుతున్నాను, ఏమీ అనుకోకండి.

నాకిచ్చిన విషయం 'పాత నాణేల సేకరణ ఎలా మొదలుపెట్టాలి' అని. చిన్నవాటితో మొదలుపెట్టండి. శాతవాహనుల సీసం నాణేలు, విజయనగరం రాగి కాసులు కొనడానికి ఆస్తులు అమ్ముకోనక్కర్లేదు. తెలిసిన డీలరు దగ్గర రసీదుతో కొనండి. '1818 నాటి రామదర్బార్ నాణెం, కోట్లు పలుకుతుంది' అంటూ ఎవరైనా వస్తే దణ్ణం పెట్టి పంపేయండి. ఈస్టిండియా కంపెనీ అలాంటి నాణెం ముద్రించనే లేదు. బియ్యపు గింజల్ని లాగుతాయని మోసగాళ్లు అంటగట్టే రైస్ పుల్లింగ్ చెంబుల సంగతి ఇక నేను ఎత్తను.

చట్టం రెండు ముక్కల్లో చెబుతాను. పొలం దున్నుతుంటే లంకెబిందె దొరికిందనుకోండి, 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. వందేళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించకూడదని 1972 చట్టం. అమెరికాలో ఉన్న మనవడికి పుట్టినరోజు కానుకగా పంపుదామంటే కుదరదు, వాడినే ఇక్కడికి రమ్మనండి.

ఇక జాగ్రత్త చేయడం. మన చెన్నై సముద్రం పక్కన ఊరు. రాగి నాణెం మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతోందంటే లోపల ఉప్పు పని చేస్తోందన్నమాట. దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, పొడిగా ఉంచి, తెలిసినవాళ్లకు చూపించండి. ఎగ్మోరు మ్యూజియంలో ఇలాంటి పనికోసం 1930లోనే రసాయన ప్రయోగశాల పెట్టారు. సీసం నాణేలను చెక్కపెట్టెలో పెట్టకండి, చెక్కలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి తెల్లటి పిండిగా రాలిపోతాయి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లూ వద్దు. చింతపండుతో తోమడం...

ఇక్కడే నాకు బీపీ పెరుగుతుంది. మైలాపూరులో మన తెలుగు పెద్దాయన ఒకరుండేవారు. రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఒక్కో నాణేనికి ఒక్కో కాగితం కవరు, దాని మీద ఏ ఊరు, ఎవరి దగ్గర, ఏ సంవత్సరం, ఎంత బరువు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవారు. ఆయన పోయాక వాళ్లబ్బాయి పిలిస్తే వెళ్లాను. నాణేలన్నీ ఒకే బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. తళతళా మెరుస్తున్నాయి! 'పనమ్మాయితో చింతపండు పెట్టి తోమించాం బాబాయ్' అన్నాడు, మెచ్చుకుంటానని. కవర్లేవిరా అంటే 'చీకిపోయి వాసనొస్తున్నాయి, పారేశాం' అన్నాడు.

కవర్లు పారేశారండీ!

మీలో కొందరు నవ్వుతున్నారు. కోటిలింగాల సంగతి వినండి. కరీంనగర్ వైపు, గోదావరి ఒడ్డున. ఆ ఊళ్లో దొరికిన నాణేలను సంగనభట్ల నరహరిశర్మ గారు ఓపిగ్గా పోగు చేశారు, శాసన పరిశోధకులు పరబ్రహ్మశాస్త్రి గారు చదివి వెలుగులోకి తెచ్చారు. గోబద, నారన అనే రాజుల పేర్లు, శాతవాహన వంశానికి మూలపురుషుడైన ఛిముకుడి నాణేలు అలా బయటపడ్డాయి. శాతవాహనులు తెలంగాణలోనే మొదలయ్యారన్న వాదనకు బలం వచ్చింది కూడా అవి ఆ ఊళ్లో దొరికాయి గనకే. అవే నాణేలు బిస్కెట్ డబ్బాలో కలిసిపోయి ఉంటే? పేర్లు మిగిలేవి, ఊరు పోయేది. మన పెద్దాయన కవర్లలో ఎన్ని ఊళ్లు పోయాయో! ఆ అబ్బాయి మంచివాడే, ఎంఎన్‌సీలో మేనేజరు. తండ్రి ఏం రాశాడో ఒక్కసారి చదివి ఉండాల్సింది.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. ఫొటోలు తీయడం, కేటలాగు రాయడం గురించి చెప్పనేలేదు, పోనీండి.

ఇంట్లో పాత నాణేలున్నవాళ్లు చేతులెత్తండి. అబ్బో, చాలామందే! మీ అమ్మగారో మామగారో ఉంటే అవి ఎక్కడివో ఈ రాత్రికే అడిగి రాసుకోండి. టీ బల్ల పక్కన ఆమ్లం లేని కాగితం కవర్లు పెట్టాను, తలా కొన్ని తీసుకెళ్లండి. పెన్సిల్‌తోనే రాయండి. ముందు కవరు మీద రాసి, ఆ తర్వాతే నాణెం లోపల పెట్టండి. పెట్టాక రాస్తే పెన్సిల్ మొన నాణెం మీద గీత పెడుతుంది.