కారులో పాత పంచాంగం: ఖరీదైన కారుకు కంపెనీ నావిగేషన్ కొనాలా?

(తెరపై: కారు నావిగేషన్ మ్యాప్. నీలం రంగు నది మధ్యలో ఒక బాణం గుర్తు.)

ఈ బాణం గుర్తు మా బావగారి పాత కారు. నెల్లూరు జిల్లా సంగం దగ్గర పెన్నా నది నడిమధ్యలో ఉంది. కంగారుపడకండి, మేమెవరం మునగలేదు. బ్యారేజీ మీది వంతెన ఎక్కి హాయిగా అవతలి ఒడ్డుకు వెళుతున్నాం. కారుకే ఆ సంగతి తెలియదు. ఆ బ్యారేజీ 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైంది. కారులోని మ్యాప్ అంతకంటే ముందే పుట్టింది. అందుకని మమ్మల్ని నీళ్లలోకి దించేసి, అవతలి గట్టు చేరేదాకా "వీలైన చోట వెనక్కి తిరగండి" అని బతిమాలుతూనే ఉంది.

ఇప్పుడు బావగారు కొత్త కారు కొంటున్నారు. ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులు ఆయనవి. వరుసగా రెండు పట్టుబడులు కలిసొచ్చేసరికి జర్మన్ కారు మీద మనసు పడింది. చెన్నై వెళ్లి షోరూమ్‌లో కూర్చుని నాకు ఫోను చేశారు.

"ఒరేయ్, నావిగేషన్ ఉన్న ప్యాకేజీ తీసుకోమంటున్నారు. దానికి విడిగా డబ్బు కట్టాలట. కారుకైతే నేరుగా ఉపగ్రహంతోనే సంబంధం ఉంటుందట, ఫోనుది నెట్ మీద నడిచే వ్యవహారమట. ఏం చేయమంటావు?"

"నేరుగా ఉపగ్రహంతో సంబంధం." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అమ్మేవాళ్లు చెబుతారు, కొన్నవాళ్లు పెళ్లిళ్లలో చెబుతారు, విన్నవాళ్లు తలూపుతారు. ఈ వీడియో ఆ ఒక్క మాట కోసమే.

(తెరపై: ఆకాశం, దాని కింద ఒక పంచాంగం పుస్తకం.)

ఆకాశంలో సూర్యచంద్రులు ఉన్నారు. నెల్లూరు ట్రంకు రోడ్డులో బంగారం కొట్టు యజమానికీ, కొట్టు ముందు పూలమ్మే ఆవిడకీ వాళ్లే. చూసినందుకు ఎవరూ డబ్బు కట్టరు, ఎవరు చూస్తున్నారో సూర్యుడికి తెలియదు కూడా. జీపీఎస్ ఉపగ్రహాలదీ అదే తీరు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తాము ఎక్కడున్నామో, తమ గడియారంలో సమయం ఎంతో నిరంతరం చాటుతుంటాయి. కింద ఉన్న యంత్రం వింటుంది, లెక్క వేసుకుంటుంది. తిరిగి ఒక్క ముక్క కూడా పైకి పంపదు. కోటి రూపాయల కారు కూడా వినడమే, పది వేల రూపాయల ఫోను కూడా వినడమే. ఉన్న చోటు తెలుసుకోవడానికి ఫోనుకు నెట్ అక్కరలేదు. నమ్మకం లేకపోతే సిమ్ తీసేసి చూడండి, నీలం చుక్క మీతోపాటే కదులుతుంది.

కాబట్టి "కారుకు ఉపగ్రహంతో సంబంధం" అని డబ్బు అడగడం, "మా పంచాంగం కొంటే సూర్యుడు ప్రత్యేకంగా మీ ఇంటికే ఉదయిస్తాడు" అనడం లాంటిది.

ఆకాశం ఉచితం. డబ్బంతా పంచాంగానికే. అంటే మ్యాప్‌కు.

ఇంకో ముక్క చెప్పకుండా ఉండలేను. మనకంటూ సొంత ఉపగ్రహాలు కూడా ఉన్నాయి, పేరు నావిక్. మొదటిది 2013 జులై 1న శ్రీహరికోట నుంచే ఎగిరింది, అప్పటికి శ్రీహరికోట నెల్లూరు జిల్లాలోదే. 2023లో వచ్చిన ఐఫోన్ 15 ప్రో ఆ నావిక్ మాట వింటుంది. మన గడపలోంచి ఎగిరిన ఉపగ్రహం మాట వినే ఫోనును జేబులో పెట్టుకుని, నెట్ మీద నడిచేదని దాన్ని చిన్నచూపు చూస్తే ఎలా?

సరే, పంచాంగం దగ్గరికి వద్దాం.

పంచాంగం ఉగాదికి కొంటాం. మరుసటి ఉగాదికి అది అటక ఎక్కుతుంది. అట్ట ఎంత గట్టిగా ఉన్నా, వెండి తొడుగు వేయించినా, పోయిన ఏడాది తిథులతో ఈ ఏడాది ముహూర్తం పెట్టలేం. కంపెనీ వాళ్లు కారులో పెట్టి ఇచ్చే మ్యాప్ వెండి తొడుగు వేసిన పంచాంగం. తెర పెద్దది, గొంతు మధురం, తోలు వాసన అదనం. లోపల తిథులు మాత్రం పాతవి. మ్యాప్ తయారైన రోజుకూ, అది కారులోకి ఎక్కిన రోజుకూ, ఆ కారు మీ ఇంటి ముందుకు వచ్చిన రోజుకూ మధ్య నెలలు గడిచిపోయి ఉంటాయి. తర్వాత ఆ కారును మీరు పదేళ్లు నడుపుతారు. ఈలోగా జిల్లాలు మారతాయి. 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. శ్రీహరికోట నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. బావగారి పాత కారుకు ఇవేవీ తెలియవు. దాని లెక్కలో శ్రీహరికోట చివరిదాకా నెల్లూరే.

"అప్‌డేట్ చేయించుకోవచ్చు కదా" అంటారు. చేయించుకోవచ్చు. ఎన్నేళ్లు ఉచితం, ఆ తర్వాత ఎంత కట్టాలి, కారు తనంతట తానే దించుకుంటుందా లేక షోరూమ్ దాకా తీసుకెళ్లాలా, ఈ మూడూ అడగండి. నెల్లూరు నుంచి చెన్నైకి రానూపోనూ సుమారు 350 కిలోమీటర్లు. పంచాంగం మార్చుకోవడానికి అంత దూరం ఎవరు వెళతారు? బావగారు ఒక్కసారి కూడా వెళ్లలేదు, అందుకే నదిలో పడ్డారు.

పంచాంగానికి ఇంకో పరిమితి ఉంది. రోహిణి కార్తె ఎప్పుడు మొదలవుతుందో అది చెబుతుంది. ఇవాళ సాయంత్రం నాలుగింటికి మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జిలో నీళ్లున్నాయా లేదా చెప్పదు. నెల్లూరు వాళ్లకు ఇది వివరించనక్కరలేదు. గట్టి వాన ఒక్కటి పడితే చాలు, రైలు పట్టాల కింది దారులు చెరువులవుతాయి. పైగా ఖరీదైన కార్లు కొన్ని నేలకు దగ్గరగా ఉంటాయి. ఇంజన్లోకి నీళ్లు పోతే వచ్చే బిల్లుతో ఒక మామూలు కారు కొనుక్కోవచ్చు. నిల్వ ఉన్న మ్యాప్‌కు అది ఎప్పటికీ పొడి దారే.

ఫోను ఎలా చెబుతుంది? ఆ దారిలో వెళుతున్న ఫోన్లన్నీ తమ వేగాన్ని ఎప్పటికప్పుడు పంపుతుంటాయి. అన్నీ ఒకచోట ఆగిపోయాయంటే అక్కడ ఏదో జరిగిందని లెక్క. పుస్తకం తిరగేయడానికి బదులు ఎదురుగా వస్తున్నవాళ్లను "అబ్బాయీ, ముందు దారి బాగుందా?" అని అడగడమన్నమాట. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది, నెల్లూరు, విజయవాడల మధ్య రాకపోకలు నిలిచిపోయాయి. అలాంటి రోజున ఏ ఏడాది పంచాంగం ఉంటే ఏం లాభం?

అలాగని ఫోను దేవుడేమీ కాదు. అండర్ బ్రిడ్జిలోకి ఎవరూ దిగకపోతే అక్కడినుంచి కబురు రాదు, దారి ఖాళీగా ఉందనుకుని మిమ్మల్ని అటే తోసినా తోస్తుంది. ఇక రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, డాష్‌బోర్డ్ మీద ఎండకు పెట్టిన ఫోను ఏపాటిది? వేడెక్కిందని చెప్పి కళ్లు మూసుకుంటుంది, సరిగ్గా మలుపు దగ్గరే.

(తెరపై: నల్లమల ఘాట్ రోడ్డు.)

కంపెనీ నావిగేషన్‌ను ఇంతసేపు తిట్టాను కాబట్టి దానికి దక్కవలసిన మర్యాద కూడా చెబుతాను. మార్కాపురం వైపు వాళ్లు ఇది శ్రద్ధగా వినండి. దోర్నాల దాటి శ్రీశైలం వైపు నల్లమలలోకి వెళ్లాక సిగ్నల్ వస్తుంది, పోతుంది, ఎక్కువగా పోతుంది. ఫోనులో ముందే మ్యాప్ దించుకోకపోతే నీలం చుక్క తెల్ల కాగితం మీద నడుస్తుంటుంది. సూర్యుడు కనిపిస్తాడు, పంచాంగం ఇంట్లో మరిచిపోయాం, అంతే. కారులోని మ్యాప్ కారులోనే ఉంటుంది కాబట్టి అక్కడ దానిదే పైచేయి. అయితే ఇంట్లో వైఫై ఉన్నప్పుడు ఫోనులోకి ఆ ప్రాంతాన్ని దించుకోవడానికి పట్టేది రెండు నిమిషాలు. ఇక రాత్రిపూట ఆ అడవి దారిలో గేటు వేస్తారు, ఏ నావిగేషన్‌నూ నమ్మి ఊరుకోకండి, ఫోను చేసి కనుక్కోండి.

ఇంకొకటి. మబ్బు పట్టిన రోజు సూర్యుడు కనబడకపోయినా పొద్దు ఎంత వాలిందో చెప్పే పెద్దవాళ్లు ఊరికొకరు ఉంటారు. కారు కూడా అలాంటిదే. సొరంగంలో ఉపగ్రహాల మాట వినిపించనప్పుడు, చక్రాలు ఎన్నిసార్లు తిరిగాయి, కారు ఎటు మళ్లింది అనేవి చూసుకుని తన చోటు అంచనా కడుతుంది. ఫోను చక్రాలను లెక్కపెట్టలేదు. ఈ విద్య ఉపగ్రహాల కంటే పాతది. 1981లో జపాన్‌లో హోండా తెచ్చిన నావిగేషన్ యంత్రానికి ఉపగ్రహాలే లేవు, అంతా ఈ అంచనాయే. పైగా ఖరీదైన కార్ల ముందు అద్దానికి వేడిని ఆపే లోహపు పూత ఉంటే, లోపలి ఫోనుకు ఉపగ్రహాల మాట సన్నగిల్లుతుంది. కారు యాంటెన్నా పైకప్పు మీద ఉంటుంది కనుక దానికి ఆ బాధ లేదు. అలాంటి కార్లలో ఫాస్టాగ్ అతికించడానికి అద్దం మీద ఫలానా చోటే అని చెప్పేది కూడా ఆ పూత వల్లే.

అయితే ఇక్కడో కిటుకు ఉంది. కార్‌ప్లేతో ఫోనును కారు తెరకు కలిపినప్పుడు, చాలా కార్లు తమ యాంటెన్నా విన్నదీ, చక్రాల లెక్కా ఫోనుకు కూడా అందిస్తాయి. అంటే చూపు కారుది, పంచాంగం ఫోనుది. నాకు తెలిసినంతలో ఇదే మేలైన జత. ఒకప్పుడు బీఎండబ్ల్యూ అమెరికాలో ఈ కార్‌ప్లేకు ఏడాదికి 80 డాలర్లు వసూలు చేసింది. జనం తిట్టిపోస్తే 2019 డిసెంబరులో మానుకుంది. మన కిటికీలోంచి మనం చూసుకోవడానికి కిరాయి అన్నమాట!

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

కరెంటు కారు కొంటుంటే నా తీర్పు తిరగబడుతుంది, కంపెనీ నావిగేషన్ తీసుకోండి. బ్యాటరీలో ఎంత మిగిలిందో కారుకే బాగా తెలుసు. ఎక్కడ ఛార్జింగ్‌కు ఆగాలో చెబుతుంది, చాలా కార్లయితే స్టేషన్ చేరేలోపే బ్యాటరీని తగిన వేడికి తెచ్చి ఉంచుతాయి.

మరీ పై తరగతి కార్లలో మ్యాప్ దారి చూపడానికే పరిమితం కాదు. 2013లో వచ్చిన రోల్స్ రాయిస్ రేత్‌లో గేరుబాక్సు ముందున్న మలుపును మ్యాప్‌లో చూసి గేరు సిద్ధం చేసుకుంటుంది. అటువంటి కారు కొనేవాళ్లు ఈ వీడియో చూడరు, చూస్తే వ్యాఖ్య పెట్టండి.

కారు ఆయుష్షు, అందులోని సిమ్ ఆయుష్షు ఒకటి కావు. అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థ 2022 ఫిబ్రవరిలో 3జీ ఆపేస్తే దాని మీద ఆధారపడిన ఎన్నో కార్లలో నెట్ సేవలు మూగబోయాయి.

పంచాంగానికి అసలు సిసలు పోలిక ఇప్పుడు వస్తుంది, దీన్ని వదలలేను. మనకు ప్రభవ నుంచి అక్షయ దాకా 60 ఏళ్లు పూర్తయితే మళ్లీ ప్రభవ. జీపీఎస్ వారాలను లెక్కపెడుతుంది, 1024 వారాలయ్యాక మళ్లీ సున్నా. ఆ చక్రం ఇంచుమించు 19 ఏళ్ల 7 నెలలు. 2022 జనవరి 1న చాలా హోండా కార్లు ఏ చక్రంలో ఉన్నామో తేల్చుకోలేకే కాబోలు, గడియారాన్ని 2002కు తిప్పేశాయి. పంచాంగమే సంవత్సరం మరిచిపోయింది!

షోరూమ్‌కు వెళితే కారు నడిపి చూసేటప్పుడు ఒక పని చేయండి. మీ ఊళ్లో ఈ మధ్యే తెరిచిన వంతెననో బైపాస్‌నో దాటి వెళ్లవలసిన ఊరి పేరు కొట్టండి. నెల్లూరు వాళ్లయితే సంగం నుంచి పొదలకూరు. బాణం నీళ్లలో దిగిందా, వంతెన ఎక్కిందా? అమ్మే అబ్బాయి ముఖం కూడా చూడండి.

ఇదంతా బావగారికి ఫోనులో నలభై నిమిషాలు చెప్పాను. ఓపికగా విన్నారు.

"అర్థమైందిరా. నావిగేషన్ వద్దనే అన్నాను. కానీ చల్లగాలి వచ్చే సీట్లు విడిగా ఇవ్వరట. రెండూ ఒకే ప్యాకేజీ అట."

"మరి ఏం చేశారు బావా?"

"నెల్లూరు ఎండ సంగతి నీకు తెలియనిదా? కట్టేశాను."