లాడ్జి అంటే రూములిచ్చేది కాదు

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: హైదరాబాద్‌లో ఒక మేసనిక్ లాడ్జికి, అంటే ఫ్రీమేసన్లు అనే సోదర సంఘపు స్థానిక శాఖకి, మాజీ అధ్యక్షుడైన రిటైర్డ్ సివిల్ ఇంజినీరు, చరిత్ర అధ్యాపకురాలు, నగర వార్తలు రాసే సీనియర్ విలేకరి.)

యాంకర్: నమస్కారం. "ఇవాళ లాడ్జి మీద చర్చ" అనగానే మా మేకప్ రూములో అందరూ ముసిముసిగా నవ్వారు. మనకు లాడ్జి అంటే బస్టాండు ఎదురుగా ఉండేది, టవలూ సబ్బూ ఇచ్చి 24 గంటలకి అద్దె తీసుకునేది. ఇంజినీరు గారూ, ముందు ఆ మాటని కాస్త కడగండి.

ఇంజినీరు: కడగడం నా వల్ల కాలేదండీ, నలభై ఏళ్లుగా చూస్తున్నాను. పెళ్లైన కొత్తలో ఓ సాయంత్రం నల్ల సూటు వేసుకుని, "లాడ్జికి వెళ్తున్నా, రావడం ఆలస్యమవుతుంది" అని చెప్పి బయల్దేరాను. మా అత్తగారు మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

అధ్యాపకురాలు: ఆ మాటకు మూలం చాలా మామూలుది. ఐరోపాలో పెద్ద పెద్ద చర్చిలు కట్టే రోజుల్లో ఒక్కో కట్టడం ఏళ్ల తరబడి సాగేది. గోడ పక్కన రాళ్లు చెక్కేవాళ్లు ఒక పాక వేసుకునేవాళ్లు. పనిముట్లు దాచుకోవడం, భోజనం, వానొస్తే తలదాచుకోవడం అన్నీ అందులోనే. దాన్నే లాడ్జి అన్నారు. మేసన్ అంటే రాతిపనివాడు, మన భాషలో తాపీమేస్త్రి. రానురాను ఆ సంఘాల్లోకి ఉలి పట్టని పెద్దమనుషులు కూడా చేరారు. పని పోయి, పనిముట్లు గుర్తులుగా మిగిలాయి. 1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జీలు ఒక సారాయి దుకాణంలో కలిసి తమందరికీ పెద్దగా గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నాయని వాళ్లు చెప్పుకుంటారు. కాదు, అది 1721 అనే చరిత్రకారులూ ఉన్నారు.

విలేకరి: మేడమ్ చెప్పింది పుస్తకం కథ. నేను మా గల్లీ కథ చెప్త. చిన్నప్పుడు గోషామహల్ దిక్కు పోతుంటే మా నాయన "అది జాదూ ఘర్ రా, ఆడ ఆగకు" అనేటోడు. రాత్రిపూట సూట్లేసుకొని మనుషులొస్తరు, తలుపులు మూస్తరు, లోపల పుర్రెలుంటయంట. పిల్లలం పరుగే పరుగు.

ఇంజినీరు: ఒక్క హైదరాబాద్ కాదు, దేశంలో చాలా ఊళ్లలో మేసన్ల భవనానికి జాదూ ఘర్ అనే పేరు. తలుపు మూస్తే చాలు, మిగతాది ఊరే అల్లుకుంటుంది.

యాంకర్: అసలు గోషామహల్‌లోని ఆ పాత భవనం వీళ్ల చేతికి ఎలా వచ్చింది మేడమ్?

అధ్యాపకురాలు: ఆ బారాదరి కట్టించింది కుతుబ్ షాహీల్లో చివరివాడు, అబుల్ హసన్. అంటే మన రామదాసు కథలో ఉన్న తానీషాయే. అక్కన్న మాదన్నలు మంత్రులుగా ఉన్న కాలం. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. ఆ తర్వాత ఎన్ని చేతులు మారినా, 1872 నుంచి మేసన్లది. నిజాం ఇచ్చాడని అంటారు. అప్పటికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఆరేళ్లు కూడా సరిగ్గా నిండలేదేమో, రాజ్యం నడుపుతున్నది సాలార్ జంగ్. కాబట్టి ఇచ్చిన చెయ్యి ఎవరిదో మీరే ఊహించుకోండి. నాకు నవ్వొచ్చేది వేరే. గోషా అంటే పరదా. విశాఖలో ఘోషా ఆసుపత్రి అంటే ఆడవాళ్ల ఆసుపత్రి. అంతఃపురం ఆడవాళ్ల కోసమని పేరు పడ్డ చోట, నూట యాభై ఏళ్లుగా ఆడవాళ్లకి ప్రవేశం లేని సమావేశాలు జరుగుతున్నాయి.

ఇంజినీరు: దెబ్బ తగిలింది మేడమ్.

అధ్యాపకురాలు: ఇంకా ఉంది. బారాదరి అంటే పన్నెండు వాకిళ్లది. గాలి ఆడడానికి పన్నెండు వాకిళ్లు పెట్టి కట్టిన ఇంట్లో మీ సమావేశానికి ఒకే వాకిలి, దాని బయట కత్తి దూసిన మనిషి!

ఇంజినీరు: ఆయన్ని టైలర్ అంటాం. బట్టలు కుట్టేవాడు కాదు లెండి, అదో రకం స్పెల్లింగు. ఆ కత్తి ఎవర్నీ పొడవదు. పాక రోజుల్లో పనివాడు కానివాడు లోపలికి దూరకుండా ఒకణ్ణి నిలబెట్టేవాళ్లు. సర్టిఫికెట్లు లేని కాలం. కొత్త ఊరొచ్చినవాడు నిజంగా మేస్త్రీయా, నిన్న చేరిన కుర్రాడా ఎలా తేల్చాలి? కూలి దాన్ని బట్టే కదా. ఒక మాట, చెయ్యి కలిపే ఒక పద్ధతి ఉండేవి. మేం ఇప్పటికీ బయట చెప్పనివి అవి మాత్రమే.

విలేకరి: అంతేనా? మూడు వందల ఏండ్ల రహస్యం షేక్‌హ్యాండేనా?

అధ్యాపకురాలు: అది కూడా ఎప్పుడో బయటపడింది. 1730లో లండన్‌లో ఒకాయన తంతు మొత్తం అచ్చువేసి అమ్మేశాడు. అదే ఏడాది కలకత్తాలో మన దేశపు మొదటి లాడ్జి మొదలైంది. అంటే రహస్యం మన ఒడ్డుకి చేరకముందే అక్కడి బజార్లో దొరుకుతోంది!

యాంకర్: సర్, ఆ పనిముట్ల సంగతి చెప్పండి. మీరు ఎలాగూ ఇంజినీరే.

ఇంజినీరు: నేను ఈ లాడ్జిలో ఇరుక్కున్నదే అందుకు. సైటు మీద రోజూ మూల సరిచూసే మూలమట్టం, చదును చూసే రసమట్టం, గోడ నిలువు చూడ్డానికి దారానికి వేలాడే గుండు చూస్తూ బతికాను. మొదటిసారి లాడ్జిలో అవే మనుషుల మెడల్లో పతకాలుగా వేలాడుతుంటే తమాషాగా అనిపించింది. అధ్యక్షుడికి మూలమట్టం. ఆయన తర్వాతి ఇద్దరిలో ఒకరికి రసమట్టం, ఒకరికి గుండు. రసమట్టం ఉన్నాయన చెప్పే పాఠం ఏమిటంటే, బయట నువ్వు జడ్జివైనా గుమాస్తావైనా ఈ నేల మీద మట్టం ఒకటే. నేల నలుపూ తెలుపూ గళ్లు, చదరంగం బల్లలా. కష్టం పక్కనే సుఖం అని. లోపల రెండు రాళ్లుంటాయి. ఒకటి గని నుంచి తెచ్చింది తెచ్చినట్టు, రెండోది నున్నగా చెక్కింది. కొత్తవాడు మొదటి రాయి. రెండో రాయి అయినవాణ్ణి ఇంతవరకు నేను చూడలేదు, నాతో సహా.

విలేకరి: నడుముకు ఆ తెల్లగుడ్డ ఏంది సార్, వంటమాస్టర్ లెక్క?

ఇంజినీరు: రాళ్లు చెక్కేవాడు బట్టలు చిరగకుండా కట్టుకునే తోలు అది. మాది గొర్రెపిల్ల తోలు. మొదటి మెట్టులో పూర్తిగా తెలుపు, పైమెట్టుకు వెళ్తే అంచుకి లేత నీలం. మెట్లు మూడే. పని నేర్చుకునేవాడు, తోటిపనివాడు, మేస్త్రి.

యాంకర్: ఒక ప్రేక్షకుడు పంపిన ప్రశ్న: "ఇందులో చేరితే మతం మారుస్తారా?"

ఇంజినీరు: దేవుడున్నాడని నమ్మాలి, అంతవరకే. ఏ దేవుడని అడగరు. తంతులో ఆయన పేరు విశ్వానికి మహాశిల్పి. మా నాన్నగారు అది విని "విశ్వకర్మే కదరా" అన్నారు. ప్రమాణం ఎవరి గ్రంథం మీద వాళ్లు చేస్తారు. మా బల్ల మీద గీత, ఖురాన్, బైబిల్, గురుగ్రంథ్, పార్సీల అవెస్తా అన్నీ తెరిచి ఉంటాయి. లోపల మతం మీదా రాజకీయం మీదా వాదన నిషిద్ధం. హైదరాబాద్‌లో ఆ రెండూ లేకుండా మూడు గంటలు కూర్చోబెట్టే చోటు ఇంకోటి చూపించండి!

అధ్యాపకురాలు: కానీ ఆ మట్టం మనకి మొదటి నుంచీ వర్తించలేదు, అది కూడా చెప్పాలి. ఆర్కాటు నవాబు కొడుకులాంటి రాచబిడ్డల్ని 1770లలోనే చేర్చుకున్నారు. మామూలు హిందువు దగ్గరికొచ్చేసరికి "మీకు దేవుళ్లు చాలామంది కదా" అని తర్కం. కలకత్తాలో ప్రసన్న కుమార్ దత్ అనే ఆయన ఏళ్ల తరబడి పోరాడితే 1872లో చేర్చుకున్నారు. గోషామహల్ మేసన్ల చేతికొచ్చిన ఏడే అది. పన్నెండేళ్లకి కలకత్తా లాడ్జిలోనే, 1884 ఫిబ్రవరి 19న, నరేంద్రనాథ్ దత్తా అనే కుర్రాడు చేరాడు. వివేకానందుడు. వారం తిరక్కముందే తండ్రి పోయి ఇల్లు అప్పుల పాలైంది. ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్ పెత్తనం నుంచి వేరుపడి సొంత గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియా ఏర్పడింది 1961 నవంబరు 24న. స్వాతంత్ర్యం వచ్చిన పద్నాలుగేళ్లకి!

విలేకరి: సరే, అసలు సంగతికొద్దాం. దానం చేస్తమంటరు. నేను నగరం బీటులో ఇరవై ఏండ్లు తిరిగిన. క్లబ్బులోళ్లు నాలుగు కుట్టుమిషన్లిస్తే నలభై ఫోటోలొస్తయి ఆఫీసుకు. మీ దగ్గర్నుంచి ఒక్క ఫోటో రాలే. చేస్తున్నరా, చేస్తలేరా?

ఇంజినీరు: ఆ ప్రశ్నకి నేను చేరిన రోజు సంగతి చెప్పాలి. మామూలుగా చెప్పుకోం గానీ, ఇది పుస్తకాల్లో ఉన్నదే కాబట్టి చెప్తాను. లోపలికి తీసుకెళ్లేముందు ఒంటి మీదున్న లోహం అంతా తీయించేస్తారు. ఉంగరం, వాచీ, జేబులో చిల్లర, తాళంచెవులు...

విలేకరి: వెండి మొలతాడో?

ఇంజినీరు: అదీ లోహమే కదండీ. కళ్లకి గంతలు, మెడలో తాడు. ప్రమాణం అయ్యాక గంతలు తీస్తారు. తర్వాత ఈశాన్య మూల నిలబెడతారు. అంటే పునాదిరాయి వేసే చోట. అందరూ చూస్తుండగా ఒకాయన వచ్చి, "పేదవాళ్ల కోసం నీకు తోచింది ఇవ్వు" అని చెయ్యి చాస్తాడు. నేను అలవాటుగా జేబు తడుముకున్నాను. జేబే లేదు. అప్పటికి నాకు కారుంది, క్వార్టర్సుంది, చేతికింద నలభైమంది ఉన్నారు. ఇవ్వడానికి పావలా లేదు. చెవులు వేడెక్కిపోయాయి. అప్పుడు ఆయన అన్నది ఇంతే: ఇది నిన్ను ఆటపట్టించడానికి కాదు, రేపు ఎవరైనా ఖాళీ చేతులతో నీ ముందు నిలబడితే ఈ నిమిషం గుర్తుంచుకో. మిగతా తంతు సగం మర్చిపోయాను. అది మాత్రం పోలేదు.

(కాసేపు నిశ్శబ్దం)

యాంకర్: అక్కడ చేతులు ఖాళీ చేసి నిలబెట్టారు కాబట్టి ఫోటోలు ఉండవంటారు?

ఇంజినీరు: అది ఒక కారణం. సమావేశం ముగిసేలోపు ఒక సంచి తిరుగుతుంది. పిడికిలి లోపల పెట్టి తీస్తాం. పక్కవాడు పది వేశాడో పదివేలు వేశాడో నాకు తెలియదు. మనవాళ్ల అలవాటు వేరు. గుళ్లో ట్యూబులైటు ఇస్తే దాని మీద దాత పేరు, నాన్న పేరు, గోత్రం, ఊరు రాయిస్తాం. ఇక వెలుతురు పడేదెక్కడ!

విలేకరి: మాట మంచిగుంది గానీ ఒప్పుకోను సార్. మొదట చూసుకునేది మీ వాళ్లనే. సచ్చిపోయిన మెంబరు భార్యకు, పిల్లల ఫీజుకు. మీలో మీరు ఇచ్చుకుంటే దానమెట్లయితది? చిట్టీ అయితది.

ఇంజినీరు: మొదలైంది అలాగే, కాదనను. 1788లో లండన్‌లో రుస్పినీ అనే ఇటలీ పళ్ల డాక్టరు చితికిపోయిన మేసన్ల కూతుళ్ల కోసం బడి పెట్టించాడు. ఆడపిల్ల చదువంటే అప్పటికి అదే గొప్ప. ఇప్పుడు అందులో ఎవరి పిల్లలైనా చదవొచ్చు. అమెరికాలో ష్రైనర్లు అని మేసన్లలోనే ఒక శాఖ ఉంది. 1922 నుంచి పిల్లల ఆసుపత్రులు నడుపుతున్నారు. ఎముకల జబ్బులు, కాలిన గాయాలు. తండ్రి ఎవరని అడగరు. అక్కడున్న మన తెలుగువాళ్లు ఆ ఎర్ర కుచ్చుటోపీల ఊరేగింపు చూసే ఉంటారు, వాళ్లే. మన వైపు కోయంబత్తూరులో పిల్లల ఆసుపత్రి ఉంది, ఢిల్లీలో బడి ఉంది. మా చిన్న లాడ్జి అయితే కంటి శిబిరాలు, ఇంటర్ పిల్లల ఫీజులు, అంతే. గొప్పలేం లేవు.

విలేకరి: అయినా లెక్క బయటపెడితే తప్పేంది? పేర్లు వద్దు. ఈ ఏడు ఇంత వచ్చింది, ఇంత ఇచ్చినం అని ఒక కాగితం. గుప్తదానం ఇచ్చేటోనికి శోభ. సంస్థకు కాదు. తలుపు మూసుకొని లెక్క కూడా మూస్తే, మా నాయన చెప్పిన పుర్రె కథనే జనం నమ్ముతరు.

ఇంజినీరు: ...ఈ మాట నేను మా వాళ్ల ముందు పెడతాను. నిజంగా.

అధ్యాపకురాలు: ఆడవాళ్ల సంగతి మాత్రం దాటేశారు.

ఇంజినీరు: దాటేయలేదు మేడమ్, దాక్కున్నాను. మా నియమం మగవాళ్లకే. మారుతుందని ఇప్పుడు చెప్పలేను.

అధ్యాపకురాలు: ఆడామగా కలిసి నడిపే మేసన్ సంఘం 1893లో ప్యారిస్‌లో మొదలైంది. అనీ బిసెంట్ 1902లో అందులో చేరి, ఆ శాఖని మన దేశానికీ తెచ్చింది. మదనపల్లె కాలేజీకి ఉన్న పేరు ఆవిడదే. ఆవిడ కట్టుకున్న ఆ తోలుగుడ్డని మీ లాడ్జి గుర్తించదు.

ఇంజినీరు: గుర్తించదు. అదీ నిజమే.

యాంకర్: సమయం అయిపోతోంది. చివరగా ఏదైనా సరదా సంగతి?

ఇంజినీరు: సమావేశం తర్వాత భోజనాలుంటాయి. ఇంగ్లండ్ అలవాటు ప్రకారం కొన్నిచోట్ల సరిగ్గా తొమ్మిదింటికి లేచి, రాలేకపోయినవాళ్లని తలుచుకుంటారు. తొమ్మిదే ఎందుకంటే, గడియారంలో రెండు ముళ్లూ అప్పుడు మూలమట్టం అవుతాయి. ఆఖరి మాట మాత్రం టైలర్‌ది, రాత్రంతా గుమ్మం బయట నిలబడ్డవాడిది. నేల మీదా నీళ్ల మీదా ఎక్కడెక్కడో కష్టాల్లో ఉన్న మేసన్లందరికీ త్వరగా ఊరట కలగాలి, కోరుకుంటే క్షేమంగా ఇల్లు చేరాలి అని. ఆ తర్వాతే బిర్యానీ పొట్లం చంకన పెట్టుకుని ఇంటికి.

విలేకరి: ఇదొక్కటి హైదరాబాద్ ఆచారం లెక్కుంది.

అధ్యాపకురాలు: నాకొక కోరిక. తానీషా కట్టడం నలభై ఏళ్లుగా గోడ అవతల నుంచే పాఠం చెప్తున్నాను. ఆ గళ్ల నేల ఒక్కసారి చూడనిస్తారా?

ఇంజినీరు: సమావేశం లేని రోజు రండి మేడమ్, నేను అడిగి పెడతాను. కత్తి మనిషి కూడా ఉండడు.

అధ్యాపకురాలు: తలుపు మూడుసార్లు తట్టాలా?

ఇంజినీరు: కాలింగ్ బెల్ ఉంది మేడమ్.