150 రూపాయల పౌడరా, ఖాళీ పచ్చడి సీసానా? పోయిందనుకున్న మనీ ప్లాంట్ మీద రివ్యూ

హలో అండి, నమస్తే. ముందు ఈ ఫొటో చూడండి, జూన్‌లో తీసింది. మూడడుగుల తీగ, చివర్లో నాలుగు ఆకులు, మిగతాదంతా బోడి. మా పిన్ని ఇచ్చిన మనీ ప్లాంట్ ఇది, మియాపూర్‌లో మా బాల్కనీలో ఉంటుంది. మేలో ఊరెళ్తూ వాచ్‌మన్‌కి అప్పజెప్పాం, ఆయన పాపం హైదరాబాద్ ఎండలకి భయపడి రోజూ రెండు పూటలా పోశాడట. మేం వచ్చేసరికి కింద ప్లేటు నిండా నీళ్ళు. కుండీ బోర్లిస్తే మురుగు వాసన, వేళ్ళు నల్లగా అయిపోయి, పట్టుకుంటే పై తోలు ఊడి చేతికొచ్చింది. అంటే ఎండకి కాదు, నీళ్ళెక్కువై పోయింది. ఆకులు వేలాడుతున్నాయి కదా అని ఇంకో చెంబు పోసేముందు మట్టిలో వేలు పెట్టి చూడండి, తడి తగిలితే ఆగండి.

ఇక కుండీ మీద ఆశ వదిలేసి తీగని ముక్కలు చేశాను. అందరూ రూటింగ్ పౌడర్ కొనమన్నారు, కొన్నాను, చిన్న డబ్బా 150 రూపాయలు. అందులో ఉండేది ఐబీఏ అనే హార్మోన్, వేళ్ళు పుట్టేలా చేస్తుంది. మూడు ముక్కలు ఖాళీ పచ్చడి సీసాలో ఉత్త నీళ్ళు పోసి, మూడు కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు), మూడు పౌడర్ అద్ది కోకోపీట్‌లో పెట్టాను.

ఇక్కడ జూమ్ చేస్తున్నా, ఇదే అసలు విషయం. ఆకు కాడ తీగకి అతుక్కునే చోట చెరకు గెడకి ఉన్నట్టు కణుపు ఉంది చూశారా, దాని పక్కనే గోధుమ రంగులో చిన్న మొటిమలాంటిది? వేరు అక్కడి నుంచే వస్తుంది. కణుపు కింద అర అంగుళం వదిలి కోయాలి, ఆ కణుపు నీళ్ళలో మునగాలి, ఆకు మాత్రం మునగకూడదు, మునిగితే కుళ్ళుతుంది. పోయినేడాది నేను అందంగా ఉందని ఆకుని కాడతో తుంచి సీసాలో పెట్టి, రెండు నెలలు పచ్చగా ఉంటే తెగ మురిసిపోయాను. కణుపు లేదు కదా, చిగురు ఎక్కడి నుంచి వస్తుంది!

రిజల్ట్ చెప్తాను. నీళ్ళలో పెట్టినవాటికి తొమ్మిదో రోజు తెల్లటి మొనలు కనిపించాయి, నెల తిరిగేసరికి రెండంగుళాల వేళ్ళు. కోకోపీట్‌లోవి మూడు వారాలకి మెల్లగా లాగితే ఊడి రాలేదు, పట్టుకున్నాయన్నమాట. పౌడర్ అద్దినవీ అంతే, పెద్ద తేడా ఏం లేదు, పైగా ఒకటి కుళ్ళింది. మూడేసి ముక్కలతో పౌడర్‌ని తిట్టలేం లెండి, కాగితం పూల కొమ్మలాంటి గట్టి కర్రకి అది పనికొస్తుంది. మనీ ప్లాంట్‌కి మాత్రం దండగ, ఆ డబ్బుతో వర్మీకంపోస్ట్ కొనుక్కోండి.

నీళ్ళ సంగతి. మాది బోరు, సీసాకి తెల్లగా ఉప్పు పట్టేస్తోంది, అందుకే మంజీరా నీళ్ళు, అంటే కుళాయిలో వచ్చే మున్సిపల్ నీళ్ళు, పట్టి రాత్రంతా మూత లేకుండా ఉంచి వాడాను. నాలుగు రోజులకోసారి మార్చాలి. ఎండ నేరుగా తగిలితే పాచి పడుతుంది. ఇంకోటి, ఈ ఆకు నమిలితే నోరు మండుతుంది, ఇంట్లో పిల్లలు, కుక్క, పిల్లి ఉంటే అందనంత ఎత్తులో పెట్టండి.

అన్నట్టు, మీరెప్పుడైనా మనీ ప్లాంట్ పువ్వు చూశారా? నేనైతే చూడలేదు. పూయడానికి కావాల్సిన జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ ఇందులో సరిగ్గా తయారవదట, దానంతటది పూసినట్టు చివరిగా నమోదైంది 1964లో. అంటే విత్తనం మాటే లేదు, మీ ఇంట్లోదీ మా ఇంట్లోదీ ఎవరో ఒకరు తుంచి తెచ్చుకున్న ముక్కే.

వేళ్ళొచ్చినవాటిని ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్ట్ కలిపి కుండీలోకి మార్చాను, ఈసారి కింద ప్లేటు తీసేశాను. ఒక సీసా లిఫ్ట్ పక్కన కిటికీలో పెడితే మొన్న అందులో ముక్క మాయం. ఎవరు తీశారో అడగలేదండి, మనీ ప్లాంట్ దొంగతనంగా తెచ్చుకుంటేనే కలిసొస్తుందంటారు కదా, అడిగి ఎందుకు చెడగొట్టడం!