మీ ఆదివారం క్లీనింగే చేపల్ని చంపుతోంది!

మళ్లీ చెప్తున్నా. మీ అక్వేరియంలో చేపల్ని చంపుతోంది మీ ఆదివారం క్లీనింగే. పోయిన వీడియోలో ఈ ఒక్క ముక్క అన్నందుకు కామెంట్లలో కురుక్షేత్రం నడుస్తోంది. ఒక బ్యాచ్ "నెలకోసారి నీళ్లన్నీ తీసేసి కడగాల్సిందే" అంటుంది. ఇంకో బ్యాచ్ "అసలు మార్చక్కర్లేదన్నా, తగ్గినప్పుడల్లా పోస్తే చాలు" అంటుంది. రెండూ తప్పే. కానీ మొదటి బ్యాచ్ మీదే నాకు మంట ఎక్కువ.

ఎందుకంటే నేనూ ఆ బాపతే. రెండడుగుల ట్యాంకు, నాలుగు గోల్డ్‌ఫిష్. ఆదివారం పొద్దున్నే చేపలు బకెట్లోకి, నీళ్లు బాత్రూంలోకి. రాళ్లను బియ్యం కడిగినట్టు కడుగుడు, ఫిల్టర్ స్పాంజ్‌ని నల్లా కింద పిసుకుడు. సాయంత్రానికి ట్యాంకు తళతళ. మంగళవారానికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గుటకలు. గురువారానికి మిగిలింది ఒక్కటి. షాపులో అడిగితే "చలికి పోయుంటాయి సార్" అన్నాడు. మే నెలలో!

జరిగింది ఇది. చేప విసర్జించే దాంట్లోంచి అమ్మోనియా వస్తుంది, అది విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, ఇది కాస్త నయం. ఈ బ్యాక్టీరియా కాపురమంతా స్పాంజ్‌లో, రాళ్ల మీద. ఆ గోధుమరంగు జిగురు చూసి "ఛీ" అని నల్లా కింద పెట్టామా, జలమండలి క్లోరిన్ తన పని కానిచ్చేస్తుంది. క్లోరిన్ కలిపేదే సూక్ష్మజీవుల్ని చంపడానికి కదా! ఆ కాపురం మళ్లీ నిలబడాలంటే వారాలు పడుతుంది.

నాదో థియరీ ఉంది, నవ్వుకోండి. బిందెలు తోమిన చేతులు మనవి, ఊరికే ఉండవు. మెరవనిదంతా మురికే మనకు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 235వ పిల్లర్ దగ్గర చేప ఆకారంలో ఓ భవనం ఉంటుంది చూడండి, జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు ఆఫీసు. మనం ఎంత కడిగినా బతికే చేప హైదరాబాద్ మొత్తానికి అదొక్కటే.

ఇక రెండో బ్యాచ్. బాబూ, ఎండాకాలంలో ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే. నైట్రేటూ లవణాలూ ట్యాంకులోనే ఉంటాయి. పైనుంచి మీరు బోరు నీళ్లు పోస్తే ఇంకొన్ని చేరతాయి. మీ బకెట్ అంచున తెల్లగా పేరుకుందే, ఆ సరుకే.

మరి ఎన్ని రోజులకు? క్యాలెండర్‌ని కాదు, నైట్రేట్ టెస్ట్ కిట్‌ని అడగండి. లీటరుకు 20 మిల్లీగ్రాములు దాటితే బకెట్ తీయండి, 40 దాకా రానివ్వొద్దు. చాలా ఇళ్లలో లెక్క వారానికి పావు వంతు దగ్గర తేలుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకులో పట్టేది 56 లీటర్లు. పావు వంతంటే 14. ఒక్క బకెట్ అయ్యా, ఒక్క బకెట్! నల్లా నీళ్లయితే ముందు రోజే పట్టి పెట్టుకోండి, లేదంటే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. స్పాంజ్‌ని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి పెట్టేయండి.

మొన్న మా అమ్మ ఆ స్పాంజ్ చూసి "ఇదేం కంపురా" అంటూ స్క్రబ్బర్ పట్టుకొచ్చింది. ట్యాంకుకు అడ్డం నిలబడ్డాను. రెండు రోజులుగా ఇంట్లో మాటల్లేవు. చేపలు మాత్రం హాయిగా ఉన్నాయి.