అమెరికాలో మా పెరట్లో గడ్డి కింద ఏముందో చిన్నాయనకు చూపించాను | అనంతపురం వ్లాగ్

అందరికీ నమస్కారం. ఈరోజు ధర్మవరం పోయి మగ్గాలు, పట్టుచీరలు చూపిస్తానని పోయిన వీడియోలో చెప్పాను. మా చిన్నమ్మ పొద్దున్నే తయారై కూర్చుంది కూడా. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని బయలుదేరేలోపు మా చిన్నాయన మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. పక్క స్థలంలో కొత్త ఇల్లు కడుతున్నాడు కదా, సెప్టిక్ ట్యాంకు ఎక్కడ తవ్వాలో ఈరోజు ముగ్గు పోయాలంట.

"పాపా, అమెరికాలో మీ ఇంటి వెనక ఏందో తవ్వినారంట, లక్షల్లో ఖర్చని మీ నాయన చెప్పినాడు. అదేందో మన మేస్త్రీకి కూడా చూపీ" అన్నాడు.

ఆ రోజు తీసిన క్లిప్పులు ఫోన్‌లో ఉన్నాయి. ఇప్పుడు మీకు స్క్రీన్ మీద కనపడుతున్న పచ్చగడ్డి మా పెరడు. అట్లాంటాకు ఉత్తరం వైపు మా ఊరు. అర ఎకరం స్థలంలో ఇల్లు, వెనక పైన్ చెట్లు. ఆ ఇల్లు కొన్నప్పుడు మా నాయన ఇక్కడ వీధి వీధంతా చెప్పుకున్నాడు. నాకూ గర్వంగానే ఉండింది. ఆ వీధిలో మురుగు లైను లేదని, మనం వాడిన ప్రతి నీటి చుక్కా మన గడ్డి కిందికే పోతుందని కాగితాల మీద సంతకాలు పెట్టే రోజుల్లో తెలిసింది.

"అమెరికాలో కూడా సెప్టిక్ ట్యాంకేనా?" అని చిన్నమ్మకు భలే ఆశ్చర్యం. అవును చిన్నమ్మా, అక్కడ ప్రతి ఐదిళ్లలో ఒక ఇంటికి పైగా సెప్టిక్ మీదే నడుస్తున్నాయి. కానీ ఒక పెద్ద తేడా ఉంది. మన దగ్గర లెట్రిన్ నీళ్లు ట్యాంకులోకి, స్నానం నీళ్లు, వంటింటి నీళ్లు వీధి కాలువలోకి పోతాయి. అక్కడ వీధి కాలువ అనేదే ఉండదు. సింకు, షవర్, వాషింగ్ మెషీన్, డిష్‌వాషర్, అన్నీ ఒకే పైపులో ఆ ట్యాంకుకే. ఇంట్లో మనిషికి రోజుకు సగటున 70 గ్యాలన్ల నీళ్లు అవుతాయని అక్కడి పర్యావరణ సంస్థ లెక్క. అంటే 265 లీటర్లు. మేం నలుగురం, కాబట్టి రోజుకు వెయ్యి లీటర్ల పైనే. ట్యాంకు చూస్తే 1,000 గ్యాలన్లు, సుమారు 3,800 లీటర్లు. నాలుగు రోజుల్లో నిండిపోవాలి కదా? నిండదు, ఎందుకంటే ఆ నీళ్లు ట్యాంకులో నిలవ ఉండవు.

మేస్త్రీ ఇక్కడ ఫోన్ చేతిలోకి తీసుకుని జూమ్ చేసి చూశాడు. ట్యాంకులో బరువైనది అడుగుకు దిగి మడ్డి అవుతుంది. నూనె, జిడ్డు పైకి తేలి తెట్టు కడుతుంది. మధ్యలో ఉన్న నీళ్లు అవతలి పైపులోంచి ఒక చిన్న కాంక్రీటు పెట్టెలోకి పోతాయి. ఆ పెట్టె నీళ్లను మూడు నాలుగు చిల్లుల పైపులకు పంచుతుంది. ఆ పైపులు కంకర పోసిన కందకాల్లో, గడ్డి కింద, పెరడంతా పరుచుకుని ఉంటాయి. దాన్నే డ్రెయిన్ ఫీల్డ్ అంటారు. నీళ్లను శుభ్రం చేసేది ట్యాంకు కాదు, ఆ మట్టి. మట్టిలోని సూక్ష్మజీవులే మిగిలిన మురికిని తినేసి, నీళ్లు కిందికి దిగేలోపు చాలావరకు శుభ్రం చేస్తాయి. మడ్డీ, తెట్టూ ఆ మట్టి దాకా పోకుండా ఆపడమే ట్యాంకు పని. ఈ ఒక్క మాట అర్థమైతే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

పోయిన వసంతంలో మా బేస్‌మెంట్ బాత్రూమ్‌లో, పైన వాషింగ్ మెషీన్ నీళ్లు వదిలినప్పుడల్లా గుడగుడమని శబ్దం రావడం మొదలైంది. తర్వాత పెరట్లో ఒకే ఒక్క చార మిగతా గడ్డి కన్నా ముదురుపచ్చగా, ఏపుగా పెరిగింది. వాన పడి వారమైనా ఆ చార మీద అడుగు వేస్తే చెప్పు మెత్తగా దిగబడేది. వాసన కూడా. డ్రెయిన్ ఫీల్డ్ పాడవుతోందని చెప్పే గుర్తులు ఇవే: గుడగుడ, సింకుల్లో నీళ్లు నిదానంగా దిగడం, ఎండలో కూడా తడిగా ఉండే పచ్చచార, వాసన. టాయిలెట్‌లోంచి వెనక్కి తన్నే దాకా ఆగకూడదు.

మా ఆయన ఆ వారం ఆఫీసు పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. పక్కింటి వాళ్లతో చేయి ఊపడం వరకే పరిచయం. ఫోన్ చేద్దామంటే అనంతపురంలో అర్ధరాత్రి. ఆ రోజంతా ఇంట్లో ఎవరం స్నానం చేయలేదు, కుళాయి తిప్పాలన్నా టెన్షన్. ఆ ఒంటరితనం సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ కూర్చుని చెబుతుంటే చిన్నమ్మ నా చేయి పట్టుకుంది.

సర్వీసు మనిషి వచ్చాడు. వచ్చీ రాగానే తవ్వలేదు. మా కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసులో మా ఇంటి డ్రెయిన్ ఫీల్డ్ డ్రాయింగ్ ఉంటుంది, ట్యాంకు ఇంటి మూల నుంచి ఎన్ని అడుగులు, పైపులు ఎటు పోతాయి, అన్నీ గీసి ఉంటాయి. అది ముందే తెప్పించి పెట్టాను. దాన్ని చూసుకుని ఇనుప చువ్వతో మట్టిలో పొడిచి, సరిగ్గా మూత మీద చప్పుడు చేశాడు. చిన్నాయన ఇక్కడ వీడియో ఆపమన్నాడు. "మన పాత ఇంటి ట్యాంకు మూత యాడుందో నాకే తెల్దు, పాపా." వరండా టైల్స్ వేసినప్పుడు దాని మీద కూడా వేసేశారంట. ఆ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

మూత తీస్తే నీళ్లు బయటికి పోయే పైపు కన్నా పైకి ఉన్నాయి. లారీకి ఉన్న పైపుతో లోపలిదంతా లాగుతుంటే, ట్యాంకు ఖాళీ అయ్యే కొద్దీ, అవతలి పైపులోంచి నీళ్లు వెనక్కి వచ్చి ట్యాంకులో పడటం మొదలైంది. ఆయన నన్ను పిలిచి అది చూపించాడు. నేల నిండిపోయి, తాగలేక, వెనక్కి వదులుతోందన్నమాట. కందకం అడుగున, మట్టికి ఆనుకుని, నల్లటి జిగట పొర ఒకటి కడుతుంది. పలచగా ఉంటే అది మంచిదే, వడగడుతుంది. మందమైతే నీళ్లు దిగవు. కాఫీ ఫిల్టర్‌లో పొడి మరీ నున్నగా వేసి గట్టిగా అదిమితే డికాషన్ దిగదు చూడండి, అదే జరుగుతుంది.

కారణాలు రెండు మూడు కలిశాయి. మాకు ముందున్న వాళ్లు సింకు కింద గ్రైండర్ మోటార్ పెట్టించి, మిగిలిన అన్నం, తొక్కలు అన్నీ అందులోనే తిప్పి పంపేవాళ్లు. ట్యాంకులో మడ్డి చాలా ఏళ్లు తీయించలేదు. ఇంటి చూరు నీళ్ల పైపు కూడా సరిగ్గా ఆ ఫీల్డ్ మీదికే వదిలి ఉంది. అట్లాంటాలో ఏడాదికి 1,200 మిల్లీమీటర్ల పైనే వాన. మన అనంతపురంలో 550 చిల్లర. పైగా అక్కడి ఎర్రమట్టి బంకమట్టి. చూడటానికి మన ఎర్రనేలలాగే ఉంటుంది గానీ, మన దాంట్లో ఇసుక, గరుసు ఉంటాయి, అక్కడిది తడిస్తే ముద్ద.

మొత్తం ఫీల్డ్ మార్చాలంటే 12,000 డాలర్లు అని ఇంకో కంపెనీ అంతకుముందే చెప్పి పోయింది. డాలర్ 85 లెక్కన పది లక్షల ఇరవై వేలు! మేస్త్రీ ఆ అంకె విని తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు, ఆ డబ్బుతో తను ఇక్కడ రెండు గదులు కట్టిస్తానన్నాడు. ఈ రెండో మనిషి మాత్రం ముందు పంచే పెట్టె తెరిచి చూద్దామన్నాడు. అది ఒక పక్కకు కుంగి ఉంది. నీళ్లన్నీ ఒక్క పైపుకే పోతున్నాయి, మిగతా రెండూ దాదాపు పొడిగా ఉన్నాయి! పచ్చచార ఆ ఒక్క పైపుదే. పెట్టెను సమం చేసి, నిండిపోయిన లైనును మూసి, దానికి కొన్ని నెలలు విశ్రాంతి ఇచ్చాడు. నీళ్లు అందకపోతే గాలి దూరుతుంది, గాలి ఉంటే బతికే సూక్ష్మజీవులు ఆ జిగట పొరను తినేస్తాయి. ట్యాంకు తీసినందుకు 450 డాలర్లు, మిగతా పనికి 900. కలిపితే లక్షా పదిహేను వేల దాకా. నొప్పే, కానీ పది లక్షలు కాదు. అందుకే చెబుతున్నా, ఎవరైనా ఫీల్డ్ మొత్తం పోయింది అంటే ఆ పెట్టె తెరిపించకుండా సంతకం పెట్టొద్దు.

ఇక మా ఇంట్లో ఇప్పుడు ఎలా ఉంటున్నామో చెబుతా. వేయించిన నూనె సింకులో పోయను, డబ్బాలో పట్టి చెత్తలో వేస్తాను. చింతపండు పిప్పి, కరివేపాకు, కాఫీ పొడి, ఒక్కటి కూడా సింకులోకి పోదు. పైన ఫ్లషబుల్ అని రాసి ఉన్నా సరే, వైప్స్ టాయిలెట్‌లో వేయనివ్వను. బట్టలు ఆదివారం ఒక్కరోజే అన్నీ ఉతకడం మానేశాను, వారంలో విడివిడిగా వేస్తాను, నేలకు తాగడానికి టైమ్ ఇవ్వాలి కదా. ఉగాదికి మా తెలుగు వాళ్లందరూ మా ఇంటికే వస్తారు, ఆ ముందు రోజు, తర్వాతి రోజు మెషీన్ ముట్టను. కార్లు మాత్రం వీధిలోనే పెట్టమంటాను, ఫీల్డ్ మీద టైరు ఎక్కితే మట్టి అణిగిపోతుంది, పైపు విరుగుతుంది. లీకవుతున్న టాయిలెట్ ఫ్లష్ ట్యాంక్ ఒక్కటే రోజుకు 200 గ్యాలన్ల దాకా కార్చగలదు, శబ్దం కూడా పెద్దగా రాదు, కాబట్టి అప్పుడప్పుడు అందులో రెండు చుక్కల రంగు వేసి చూడండి. ఫ్లష్ చేయకుండానే రంగు కిందికి వస్తే కారుతున్నట్టే. ఫీల్డ్ మీద గడ్డి తప్ప చెట్టు వద్దు. మా అత్తమ్మ అక్కడ మునగ వేద్దామంటే ఒప్పుకోలేదు, కుండీలో పెట్టాం.

ఇంతలో లారీ వచ్చింది. పాత ఇంటి ట్యాంకు తీయించాలని చిన్నాయన అప్పటికప్పుడు ఫోన్ చేసేశాడు. రెండున్నర వేలు, అంటే 30 డాలర్లు కూడా కాదు! కానీ మూత దొరకాలి కదా. వరండాలో టైల్స్ మీద సుత్తితో తట్టుకుంటూ పోయి, డొల్ల శబ్దం వచ్చిన చోట మూడు టైల్స్ పగలగొట్టారు. అవి చిన్నమ్మ ఏరికోరి తెచ్చుకున్న టైల్స్. వీధిలో సగం మంది చేరారు. ఎదురింటి అవ్వ మజ్జిగ పంపింది, ఎవరో లారీ డ్రైవరుకు కుర్చీ వేశారు. అట్లాంటాలో నేను ఒక్కదాన్నే నిలబడి చూసిన పని ఇది.

మడ్డి గట్టిపడి ఉంది, పైపు లాగడం లేదు. ఒక అబ్బి దిగి కలుపుతానన్నాడు. నేను గట్టిగా అడ్డం పడ్డాను, ఇక్కడ కూడా అంతే గట్టిగా చెబుతున్నా. అందులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది, ఎక్కువైతే వాసన కూడా తెలియదు, మనిషి క్షణాల్లో పడిపోతాడు, కాపాడటానికి దిగినవాడూ పడిపోతాడు. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని దింపి కడిగించడం 2013 చట్టం ప్రకారం నేరం. నేరం సంగతి పక్కన పెట్టండి, ఆ అబ్బికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. పైనుంచి నీళ్లు కొట్టి, పొడుగాటి కర్రతో కలిపి, మెల్లగా లాగారు. గంట ఎక్కువ పట్టింది, పట్టనీ.

తర్వాత అందరం కొత్త స్థలంలోకి పోయాం. "ఎంత పెద్ద ట్యాంకు కడితే అంత మంచిది, ఇరవై ఏళ్లు తీసే పనుండకూడదు" అనేది చిన్నాయన లెక్క. నిండలేదంటే మంచి ట్యాంకు అనుకుంటాం మనం. అడుగున ప్లాస్టరింగ్ లేక నీళ్లు నేరుగా నేలలోకి పోతున్నా అది నిండదు, పక్కనే మన బోరు ఉంటుంది. మూడేళ్లకోసారి తీయించే ట్యాంకు చాలు. అక్కడ కూడా మూడు నుంచి ఐదేళ్లకు తీయించమంటారు, మడ్డి పైభాగం బయటి పైపుకు 12 అంగుళాల దగ్గరికి వచ్చిందంటే ఇక ఆగకూడదు. మేస్త్రీ ఒప్పుకున్నాడు. లోపలికి వచ్చే పైపుకు, బయటికి పోయే పైపుకు T ఆకారం పైపులు పెడతానన్నాడు, తెట్టు దాటిపోకుండా. మూత టైల్స్ పైకి, గొళ్లెంతో. వాననీటి ఇంకుడు గుంత వేరు, ట్యాంకు నీటి ఇంకుడు గుంత వేరు, రెండూ కలపకూడదు. బోరు స్థలానికి ఈ మూల, గుంత ఆ మూల.

ఇది చూసి మా బావ, ప్యాకెట్ పొడి వేస్తే ట్యాంకు తీసే పనే ఉండదంట కదా అన్నాడు. అవసరం లేదు బావా. కావాల్సిన సూక్ష్మజీవులు మనతోనే రోజూ పోతుంటాయి. ఏ పొడి వేసినా మడ్డి తీయించడం తప్పదు. ఆ సూక్ష్మజీవుల్ని చంపేది మనం బాత్రూమ్‌లో గుమ్మరించే యాసిడ్, అది తగ్గిస్తే చాలు.

చివరికి చిన్నాయన వీడియోలో మూసిన లైను మళ్లీ చూపించమన్నాడు. కాసేపు చూసి, "అయితే ఇంకుడు గుంతలు రెండు తవ్వి, మధ్యలో వాల్వు పెడితే, ఒకటి వాడుతుంటే ఇంకొకటి ఆరుతుంది గదా" అన్నాడు. నేను చెప్పకుండానే ఆయనకు తట్టింది. రెండో గుంతకు అదనంగా ఎంతవుతుందని అడిగితే మేస్త్రీ పద్దెనిమిది వేలు అన్నాడు. డాలర్లలో 210 చిల్లర.

"తవ్వు" అన్నాడు చిన్నాయన.