పార్కులో నమస్తే పెడితే పారిపోతున్నారు

యాంకర్: హైదరాబాద్ దోమలగూడ నుంచి ఒక పెద్దాయన లైన్లో ఉన్నారు, మన కౌన్సెలర్ మేడమ్‌తో మాట్లాడతారట. నమస్తే సార్, చెప్పండి.

కాలర్: నమస్తే బిడ్డా. మాది జగిత్యాల దిక్కు. రిటైరయినంక కొడుకు దగ్గరికొచ్చిన. రోజు పొద్దుగాల ఇందిరా పార్కుల నడుస్త. ఎదురొచ్చినోళ్లకు నమస్తే పెడ్త. సగం మంది పలుకరు. చెవులల్ల ఏవో పెట్టుకుంటరు. మొన్న ఒక పిలగాడైతే నన్ను జూసి తొవ్వనే మార్చిండు. నేనేమన్న అప్పు అడుగుతున్ననా?

కౌన్సెలర్: బాబాయ్ గారూ, ఆ అబ్బాయికి నమస్తే ఒక్కటే పెట్టారా, ఇంకేమైనా అన్నారా?

కాలర్: ఏమంటనమ్మా... ఏ ఊరు, ఏం జేస్తవ్ అన్న.

కౌన్సెలర్: అంతేనా?

కాలర్: ...లగ్గమైందా అన్న.

కౌన్సెలర్: (నవ్వుతూ) అయితే పారిపోయింది నమస్తేకి కాదు. మన ఊళ్లలో పలకరింపంటేనే ప్రశ్న కదా. తిన్నవా, ఎటువోతున్నవ్, ఎవరి కొడుకువి... జవాబు ఎవడిక్కావాలి, అడగడమే ఆప్యాయత. ఇక్కడ అదే అడిగితే పాలసీ అంటగడతారనో, సంబంధం తెస్తారనో అనుకుంటారు. ఓటీపీలు కొట్టేసే రోజులు, పాపం వాళ్ల భయం వాళ్లది.

యాంకర్: కానీ మేడమ్, ముఖం తిప్పుకుని పోతే పొగరు కాదా?

కౌన్సెలర్: ముఖం తిప్పుకోవడం వేరు, చూపు దించుకోవడం వేరు. ఎర్వింగ్ గాఫ్‌మన్ అని సమాజశాస్త్రవేత్త, 1963లోనే అమెరికాలో ఈ సంగతి రాశాడు. ఎదురొచ్చే మనిషిని దాదాపు 8 అడుగుల దూరం దాకా చూస్తాం, దాటేటప్పుడు చూపు దించుతాం అని.

యాంకర్: ఎదురుబండికి డిమ్ కొట్టినట్టు!

కౌన్సెలర్: ఆయనా లైట్లు తగ్గించడంతోనే పోల్చాడు. 'చూశాను, మీ జోలికి రాను' అని చెప్పడమన్నమాట. నన్నడిగితే మన హైదరాబాద్ ఆదాబ్ ఇంకా నయం. కుడిచెయ్యి నుదుటి దాకా లేస్తుంది, తల కొంచెం వంగుతుంది, అయిపోయింది. ముట్టుకునేది లేదు, ఆరా తీసేది లేదు. బాబాయ్, మీరూ నమస్తే నడుస్తూనే పెట్టండి. ఆగకండి. మీరు ఆగితేనే వాళ్లకి గాబరా.

కాలర్: ఇంకోటమ్మా. ఒకాయన ఉల్టా తిరుగుతడు. రౌండుకు రెండుసార్లు ఎదురైతడు. ఎదురైనప్పుడల్ల నమస్తే పెట్టాల్నా?

కౌన్సెలర్: మొదటిసారి నమస్తే. తర్వాత కనుబొమ్మ ఎగరేస్తే చాలు. నాలుగో రౌండుకి ఇద్దరికీ ఆయాసమే, అదీ అక్కర్లేదు. ఒకరోజు మీరు పోకపోతే ఆయనే అడుగుతాడు, నిన్న రాలేదేమని. అప్పుడు కనుక్కోండి ఏ ఊరో.

కాలర్: మంచిదమ్మా. గని... నీది ఏ ఊరు బిడ్డా?

యాంకర్: (నవ్వులు) సార్, థాంక్యూ! యూసుఫ్‌గూడ నుంచి ఇంకో కాలర్. చెప్పండమ్మా.

కాలర్: మేడమ్, నాది దీనికి రివర్స్. కృష్ణకాంత్ పార్కులో ఒకతను రోజూ గుడ్ మార్నింగ్ అనేవాడు. మర్యాదకి నేనూ అన్నాను. ఇప్పుడు పక్కనే నడుస్తున్నాడు. నేను స్లో అయితే తనూ స్లో. అమ్మేమో అసలు నువ్వెందుకు పలికావంటోంది.

కౌన్సెలర్: పలకడం మీ తప్పు కాదమ్మా. గుడ్ మార్నింగ్‌కి బదులిచ్చారు, పక్కన నడవమనలేదు కదా. రేపు ఆగి, 'నేనొక్కదాన్నే నడుస్తాను, మీరు వెళ్లండి' అనండి. నవ్వొద్దు. మనకి ఇబ్బందైనప్పుడు నవ్వే అలవాటుంది చూడండి, అదే కొంప ముంచుతుంది. అప్పుడూ వెంటపడితే ఇక మర్యాదల్లేవు, 100కి ఫోన్ చెయ్యండి. పోలీసుల షీ టీమ్స్ 2014 నుంచి ఇలాంటి వాళ్ల కోసమే ఉన్నాయి. గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా ఒక మాట చెప్పి ఉంచండి.

కాలర్: వాచ్‌మన్‌కి రోజూ నమస్తే చెప్తాను మేడమ్. మంచివాడే.

కౌన్సెలర్: పేరేంటి ఆయనది?

కాలర్: ...తెలీదు మేడమ్.

కౌన్సెలర్: రేపు అడగండి.