చర్చా వేదిక: మినుముకు ఎరువు ఏది, ఎంత, ఎప్పుడు?

వ్యాఖ్యాత: అపరాలకు ఎరువెందుకు, వాటంతట అవే పండుతాయిలే అనేవాళ్లు ఒకవైపు, యూరియా గుమ్మరించేవాళ్లు ఇంకోవైపు. స్టూడియోలో మృత్తికా శాస్త్రవేత్త, విస్తరణ అధికారి, మినుము రైతు ఉన్నారు. రైతు గారూ, ముందు మీరే చెప్పండి.

రైతు: చెప్పేదేముందండీ. యూరియా పడితే నాలుగు రోజులకే చేను నల్లగా నిగనిగలాడుతుంది. చూసినోళ్లంతా బాగుందంటారు. తీరా కోతకొచ్చేసరికి ఆకే తప్ప కాయ కనపడదు.

శాస్త్రవేత్త: ఆకు చూసి మురిసిపోతే లాభం లేదు, వేరు చూడాలి. 30 రోజుల పైరులో ఒక మొక్కను పారతో మట్టిపెళ్లతో సహా తీయండి. చేత్తో పీకితే వేర్లకుండే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. నీళ్లలో మెల్లగా కడిగి, ఒక బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగుంటే అందులోని రైజోబియం అనే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తున్నట్టు. ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉంటే ఆ బుడిపె పని అయిపోయినట్టే.

వ్యాఖ్యాత: దానికీ యూరియాకీ సంబంధం?

శాస్త్రవేత్త: బుడిపెలను మేపడానికి మొక్క తన చక్కెరలు ఖర్చుపెట్టాలి. నేలలో నత్రజని తేరగా దొరుకుతుంటే ఆ ఖర్చెందుకు పెడుతుంది? బుడిపెలు కట్టడమే తగ్గించేస్తుంది.

రైతు: అయితే అసలు వేయొద్దంటారా మేడం?

శాస్త్రవేత్త: అలా అనను. బుడిపెలు పనిలో పడేదాకా మొలకకు ఆసరా కావాలి. ఎకరాకు 8 కిలోల నత్రజని చాలు. దిగుబడిని తేల్చేది భాస్వరం, ఎకరాకు 20 కిలోలు. ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి 16 ఏటీపీలు, అంటే కణానికి శక్తినిచ్చే అణువులు, ఖర్చవుతాయి. భాస్వరం లేకుండా ఏటీపీ ఎక్కడిది?

అధికారి: (నవ్వుతూ) రైతుకు ఏటీపీల్లో కాదు మేడం, బస్తాల్లో చెప్పాలి. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. ఎకరాకు అదొక్కటి చాలు.

శాస్త్రవేత్త: లెక్క సరిపోతుంది కానీ నా ఓటు సూపర్‌కే. 125 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో 20 కిలోల భాస్వరంతో పాటు గంధకం, కాల్షియం వస్తాయి. గంధకం తగ్గితే గింజలో మాంసకృత్తులు తగ్గుతాయి. డీఏపీలో అది లేదు.

అధికారి: ఒక్క బస్తాతో పోయేదానికి రెండున్నర బస్తాలు మోయాలి కదండీ.

శాస్త్రవేత్త: మోత నిజమే. భూసార పరీక్షలో గంధకం సరిపడా ఉందని తేలితే డీఏపీయే వేసుకోమనండి.

రైతు: డీఏపీని పైపాటుగా చల్లేవాళ్లూ ఉన్నారు. పనికొస్తుందా?

అధికారి: భాస్వరం వేసిన చోటు నుంచి పెద్దగా కదలదు. పైన చల్లితే పైనే ఉండిపోతుంది. ఆఖరి దుక్కిలోనో, విత్తేటప్పుడు గింజకు పక్కగా, కాస్త కిందగానో పడాలి. గింజకు తగిలిందా, మొలక దెబ్బతింటుంది.

వ్యాఖ్యాత: వేరుశనగకూ ఇంతేనా?

శాస్త్రవేత్త: అక్కడ జిప్సం కూడా కావాలి. వేరు తీసుకున్న కాల్షియం కాయదాకా చేరదు. నేలలోకి దిగిన ఊడ, కాయ నేరుగా మట్టి నుంచే పీల్చుకోవాలి. అందుకే పూత దశలో మొదళ్ల దగ్గర వేయమంటాం. కాల్షియం చాలకపోతే లొట్టకాయలే.

రైతు: మినుములో పూత మీద వాన ముఖం చాటేస్తే?

అధికారి: లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి.

రైతు: మళ్లీ యూరియానేనా!

శాస్త్రవేత్త: గింజ కట్టేటప్పుడు చక్కెరలన్నీ కాయలకే పోతాయి, బుడిపెలు నీరసిస్తాయి. ఆకు మీద కొట్టేది అప్పుడు అక్కరకొస్తుంది. ఎకరాకు 200 లీటర్ల నీళ్లకు 4 కిలోల యూరియా పడుతుంది. అందులో నత్రజని రెండు కిలోలు కూడా ఉండదు.